దగ్గు లేని అడవి, ఒకే ఒక్క శాలువా

ఒక పెద్ద అడవిలో ఒకే ఒక్క శాలువా ఉండేది.

అడవి ఎంత పెద్దదంటే, ఈ చివర కాకి చచ్చిపోతే ఆ చివర కాకులకు మర్నాటికి గాని తెలిసేది కాదు. అంత అడవికీ శాలువా మాత్రం ఒక్కటే. ఎప్పుడో వనభోజనాలకు వచ్చిన మనుషులు మరిచిపోయి వెళ్ళారు. ఎర్రటిది, జరీ అంచుది. అది దొరికిన రోజు నుంచే ఆ అడవికి సన్మానాల జబ్బు పట్టుకుంది. అసలు జబ్బు తరవాత వచ్చింది.

శాలువా లేకుండా సభ జరగకూడదని అక్కడి ఆచారం. ఉన్నది ఒకటే కాబట్టి ఒకరికి కప్పి, చప్పట్లు కొట్టి, తీసి, మడతపెట్టి, పక్కవారికి కప్పేవారు. వేదిక మీద ఇరవైమంది పెద్దలుంటే ఇరవైసార్లు. కప్పించుకున్నవారు దాని అంచుతో ముక్కూ మూతీ ఒకసారి తుడుచుకునేవారు. ఇది ఎవరు మొదలుపెట్టారో తెలియదు గాని, తుడుచుకోకపోతే సన్మానం నచ్చలేదని పుకారు పుట్టేది.

ఆ శాలువాను పళ్ళెంలో పెట్టి మోసే పని చుక్కమ్మది. చుక్కమ్మ జింక. అడవి పరిషత్తులో అటెండరు. జీతం అంటూ ఏమీ లేదు, వాగు ఒడ్డున ఉన్న పచ్చికలో మేసే హక్కు ఉంది. చుక్కమ్మకు కావలసింది కూడా అదే. ఆమె కూతురు చిట్టి నెలలు నిండకుండా పుట్టిన పిల్ల. నాలుగు గంతులు వేస్తే ఆయాసం వచ్చేది. పోయిన చలికాలంలో జలుబు చేసి చావు దాకా వెళ్ళి వచ్చింది. తల్లికి పచ్చిక దొరికితేనే పిల్లకు పాలు. అందుకని చుక్కమ్మ ఆ పళ్ళేన్ని ప్రాణంలా పట్టుకుని తిరిగేది.

ఆ పరిషత్తుకు అధ్యక్షుడు కేసరయ్య అనే ముసలి సింహం. పరిషత్తు సభ్యులను, ఉద్యోగులను ఎవరూ తినకూడదని నిబంధన. సభ్యత్వం కోసం అందరూ ఎందుకు ఎగబడేవారో వేరే చెప్పనక్కర్లేదు. కార్యదర్శి జంబుకరావు అనే నక్క. సంతకం కేసరయ్యది, బుర్ర జంబుకరావుది.

అలాంటి అడవిలోకి ఒక చలికాలం దగ్గు దిగింది.

కొండ అవతలి నుంచి వచ్చిందన్నారు కొందరు. చెరువులో దిగిన పరదేశపు బాతులు తెచ్చాయన్నారు మరికొందరు. గబ్బిలాన్ని ఎవరూ ఏమీ అడగలేదు, అయినా తప్పు గబ్బిలానిదేనని పరిషత్తు ఏకగ్రీవంగా తీర్మానించింది. తీర్మానం అయ్యాక కూడా దగ్గు ఆగలేదు. మొదట ఉడుతలు దగ్గాయి, తరవాత కొండముచ్చులు, ఆ తరవాత అడవిదున్నలు. దున్న దగ్గితే కొమ్మ మీది పిట్ట కింద పడేది.

అప్పుడు ఏదులమ్మ పరిషత్తు గుహకు వచ్చింది. ఏదులమ్మ ముళ్ళపంది. కుందేళ్ళవాడలో ఆరోగ్య కార్యకర్త. ఆవిడ వస్తుంటే అందరూ నాలుగడుగులు పక్కకు జరిగేవారు. అది గౌరవం కాదు, ముళ్ళ భయం.

"అయ్యా, ఇది గాలిలో అంటుకునే జబ్బు," అంది ఏదులమ్మ గుహ బయటే నిలబడి. "దగ్గినా, తుమ్మినా, గట్టిగా మాట్లాడినా నోట్లోంచి సన్నటి తుంపర లేస్తుంది. కొంత కింద పడుతుంది. కొంత పడదు, కంటికి కనపడకుండా గాలిలోనే తిరుగుతుంది. గాలి ఆడని గుహలో పొగ ఎట్లా నిలబడిపోతుందో అదీ అట్లాగే నిలబడుతుంది. ఆరుబయటైతే చెదిరిపోతుంది. ఇంకో సంగతి, ఒంట్లో బాలేదని మనకు తెలియడానికి ఒకటి రెండు రోజుల ముందే పక్కవాడికి అంటించేస్తాం."

"అయితే ఏం చెయ్యమంటావు?" అన్నాడు కేసరయ్య ఆవులిస్తూ.

"జబ్బుపడ్డవాళ్ళను ఇంటిపట్టున ఉండనివ్వండి. వాళ్ళకు మేత, నీళ్ళు మనమే గుమ్మం దగ్గర పెట్టి రావాలి. లేకపోతే ఆకలికి తాళలేక బయటికొస్తారు, వాళ్ళనేం అనగలం? సభలు తప్పవనుకుంటే మైదానంలో పెట్టుకోండి, ఎడంగా కూర్చోండి. దగ్గరగా మసలాల్సి వస్తే ముక్కూ నోరూ కప్పేట్టు మోదుగాకు కట్టుకోండి. కాళ్ళూ చేతులూ కడుక్కోండి. ఇక ఆ శాలువా మాత్రం కొన్నాళ్ళు..."

గుహ అంతా ఒక్కసారి ఉలిక్కిపడింది. మామూలుగా వేటగాడు కనబడితే ఉలిక్కిపడేంతగా.

జంబుకరావు చిరునవ్వు నవ్వి, "అంతేనా?" అన్నాడు.

"అంతేనయ్యా."

"అంతా బానే ఉందిగానమ్మా, ఇందులో ప్రారంభోత్సవం ఎక్కడుంది?"

ఏదులమ్మకు అర్థం కాలేదు.

"శంకుస్థాపన లేదు. ఊరేగింపు లేదు. ఇంట్లో పడుకున్నవాణ్ణి అయ్యగారు ఏమని ప్రారంభిస్తారు? గుమ్మం ముందు గడ్డిమోపు పెట్టడానికి అయ్యగారి అమృత హస్తాలు కావాలా? నువ్వే ఆలోచించు."

ఏదులమ్మ ఆలోచించలేదు. వెనక్కి తిరిగి కుందేళ్ళవాడకు పోయింది. చెవిటివాడి ముందు శంఖం ఊదితే వాడు కనీసం మన బుగ్గలైనా చూస్తాడు, వీళ్ళు అదీ చూడలేదు అనుకుంది.

ఆవిడ వెళ్ళాక జంబుకరావు తన పథకం విప్పాడు.

"అయ్యగారూ, పొరుగడవి అధ్యక్షురాలు శార్దూలమ్మ గారు ఈ నెలలోనే ఇటు వస్తున్నారు. ఏ అడవిలో జబ్బు లేదో ఆ అడవికి 'ఆరోగ్య అరణ్యం' అని బిరుదు ఇస్తారట. మనం ముందుగానే మనది దగ్గు లేని అడవి అని ప్రకటించేద్దాం."

"దగ్గు ఉందిగా?" అన్నాడు కేసరయ్య. ఆయనకప్పుడప్పుడు ఇలా నిజం నోరుజారేది.

"నిషేధిద్దాం. దగ్గినవాళ్ళను వాగు దగ్గరికి రానివ్వొద్దు. నీళ్ళు దొరకవంటే ఎవడు దగ్గుతాడు? అయినా వినబడితే అది దగ్గు కాదు, గొంతు సవరింపు అని రాసుకుందాం."

మర్నాడే ప్రతి మలుపులోనూ 'దగ్గు లేని అడవికి స్వాగతం' అని తాటాకుల బోర్డులు వెలిశాయి. వారం తిరిగేసరికి పరిషత్తు లెక్క ఇలా ఉంది: దగ్గులు సున్నా, గొంతు సవరింపులు రెండువందల పద్నాలుగు.

అడవి జీవులు తెలివైనవి. నీళ్ళు పోతాయంటే దగ్గు దాచుకోవడం నేర్చుకున్నాయి. కొండముచ్చు దగ్గు వస్తే కొమ్మలు ఊపి ఆ చప్పుడులో దగ్గేది. దున్న బురదలో మూతి ముంచి దగ్గేది. జబ్బుందని ఒప్పుకుంటే దాహం కాబట్టి జ్వరంతో తూలుతున్నవాళ్ళు కూడా వాగు దగ్గర అందరి మధ్యా నిలబడి, పళ్ళికిలించి, పక్కవాళ్ళ మొహం మీదే కుశలం అడిగేవారు.

కుందేళ్ళవాడ సంగతి మాత్రం వేరుగా ఉంది. ఏదులమ్మ అక్కడొక పద్ధతి పెట్టింది. ఇంట్లో ఎవరికైనా దగ్గు వస్తే గుమ్మానికి ఒక ఎండుకొమ్మ కట్టాలి. అది చూసిన ఇరుగుపొరుగు పది అడుగుల దూరంలో మేత, సొరకాయ బుర్రలో నీళ్ళు పెట్టి కేకేసి వెళ్ళాలి. వాగుకు పోనక్కర్లేదు, దాచుకోనక్కర్లేదు. నలభై బొరియల్లో మూడింటికే ఎండుకొమ్మలు వేలాడాయి. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి అని పరిషత్తు నవ్వుకుంది.

శార్దూలమ్మ రాక సందర్భంగా పరిషత్తు దగ్గు నివారణ సభ పెట్టింది. దానికి ముందురోజు చుక్కమ్మ జంబుకరావు ముందు నిలబడింది.

"అయ్యా, రెండ్రోజులు సెలవు ఇప్పించండి. గొంతులో గరగరగా ఉంది. ఒళ్ళు వెచ్చగా ఉంది."

"కారణం ఏమని రాశావ్?"

"దగ్గు అనయ్యా."

"అడవిలో దగ్గు లేదు కదమ్మా. లేని జబ్బుకు సెలవెట్లా ఇస్తాను?"

"పోనీ, గొంతు సవరింపు అని రాసిస్తాను."

"గొంతు సవరింపు జబ్బు కాదే, అలవాటు. అలవాటుకు సెలవేంటి?"

"మా చిట్టి సంగతి మీకు తెలుసు కదయ్యా. నాకెక్కువైతే దానికి అంటుకుంటుంది. అది తట్టుకోలేదు."

"నాకూ పిల్లలున్నారు చుక్కమ్మా, తెలియదా? కానీ దగ్గు నివారణ సభకు దగ్గొచ్చిందని రాకపోతే నలుగురూ ఏమనుకుంటారు? రాకపోతే నీ ఇష్టం. వాగు పచ్చిక కోసం బయట పదిమంది వరసలో ఉన్నారు."

ఇంత మర్యాదగా పీక నొక్కడం అందరికీ చేతకాదు. చుక్కమ్మ మర్నాడు పళ్ళెం పట్టుకుని వచ్చింది.

సభ పరిషత్తు గుహలోనే. కేసరయ్యకు చలిగాలి పడదని గుహ ద్వారానికి వెదురు తడికలు కట్టి, సందుల్లో గడ్డి కుక్కారు. గాలి లోపలికి రావడానికి దారి లేదు, లోపలి గాలి పోవడానికీ లేదు. రెండువందల మంది ఒకరి తోక మీద ఒకరు కూర్చున్నారు. హాజరు తప్పనిసరి అని ముందే చాటింపు వేశారు మరి.

చుక్కమ్మ మూతికి మోదుగాకు కట్టుకుని వచ్చింది. జంబుకరావు గబగబా వచ్చి తీసేశాడు. "శార్దూలమ్మ గారు చూస్తే ఇక్కడేదో జబ్బుందనుకుంటారు. నవ్వు మొహం పెట్టు."

ప్రధాన వక్త భల్లూకమూర్తి, ఎలుగుబంటి. ఆయన మాట్లాడితే ముందు వరసకు గొడుగులు పంచాలని అడవిలో ఒక హాస్యం. 'గుంపులుగా చేరరాదు' అనే అంశం మీద ఆయన రెండు గంటలు మాట్లాడాడు. చోటు చాలక గోడలకు అంటుకుపోయి నిలబడ్డవాళ్ళు సరైన చోటల్లా చప్పట్లు కొట్టారు. తరవాత అందరూ నిలబడి, గొంతెత్తి ప్రతిజ్ఞ చేశారు.

"దగ్గను! దగ్గనివ్వను!"

మూడుసార్లు. అందులో సగంమంది ఆ ప్రతిజ్ఞను దగ్గును మింగుతూ చేశారు.

సన్మానాలు మొదలయ్యాయి. మొదట శార్దూలమ్మకు కప్పారు. ఆవిడ అతిథి, ఆచారం ప్రకారం అంచుతో మూతి తుడుచుకుంది. తరవాత కేసరయ్య, ఆ తరవాత భల్లూకమూర్తి. ఆయన తుడుచుకుంటే అంచు కాదు, సగం శాలువా తడిసింది. తరవాత దున్న, కొండముచ్చు, అడవిపంది... చుక్కమ్మ ఒక్కొక్కరి ముందు వంగి, కప్పి, తీసి, మడతపెడుతోంది. గొంతులో దగ్గు ఎగదన్నుతోంది. బిగబట్టింది. కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి.

"చూశారా!" అన్నాడు భల్లూకమూర్తి సభతో. "ఈ మహత్తర ఘట్టానికి మన అటెండరమ్మ కళ్ళు కూడా చెమర్చాయి!"

చప్పట్లు మోగాయి.

జంబుకరావు వినయం కొద్దీ తన పేరు చివర వేసుకున్నాడు. ఇరవయ్యో సన్మానం. చుక్కమ్మ వంగి ఆయన మెడ చుట్టూ శాలువా తిప్పింది. మొహానికి మొహం జానెడు దూరం. ఇక ఆగలేదు. పొద్దుటి నుంచి బిగబట్టిన దగ్గంతా ఒక్కసారిగా ఆయన ముక్కు మీద పడింది.

వెంటనే మూలనున్న కొండముచ్చు దగ్గింది. ఒకరు మొదలుపెట్టాక ఇంకెందుకు దాపరికం అన్నట్టు దున్న దగ్గింది, ఉడుతలు దగ్గాయి. రెండువందల గొంతులు వారం రోజుల బాకీ తీర్చుకున్నాయి. తడికలు ఊగాయి. కప్పు మీది నుంచి మట్టి రాలింది.

"ఇదేంటి?" అంది శార్దూలమ్మ.

"గొంతు సవరింపండి," అన్నాడు జంబుకరావు మొహం తుడుచుకుంటూ, అదీ శాలువాతోనే. "వందన సమర్పణకు ముందు మా ఆచారం."

శార్దూలమ్మ బిరుదు ఇవ్వకుండానే వెళ్ళిపోయింది. దగ్గు మాత్రం వెంట తీసుకెళ్ళింది.

నాలుగో రోజుకు పరిషత్తు మొత్తం పడకేసింది. కేసరయ్య గర్జిస్తే ఈల వచ్చేది. భల్లూకమూర్తికి గొంతు పూర్తిగా పోయింది, ఇది ఆ జబ్బు చేసిన ఒకే ఒక్క ఉపకారం. కానీ సభకు తప్పనిసరిగా వచ్చినవాళ్ళలో పదకొండుమంది మళ్ళీ లేవలేదు. ముసలి ఉడుతలు, ఒక బాలింత అడవిపంది, ఎప్పుడూ ఎవరి జోలికీ పోని ఒక కణుజు దుప్పి. 'గొంతు సవరించుకుంటూ వెళ్ళిపోయారు' అని పరిషత్తు రికార్డులో ఉంది. నాకైతే ఇప్పటికీ అది తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

అయిదో రోజు చిట్టి దగ్గింది.

చుక్కమ్మ పొద ముందు ఎండుకొమ్మ కట్టి, లోపల పిల్ల పక్కన కూర్చుంది. చిట్టి డొక్కలు లోపలికి పీక్కుపోతున్నాయి, ముక్కుపుటాలు ఎగిరిపడుతున్నాయి. సభ అయ్యాక శాలువాను ఇంటికి తెచ్చి దాచడం అటెండరు పని కాబట్టి అది ఇంట్లోనే ఉంది. దాన్ని వాగులో నాలుగుసార్లు జాడించి, ఎండలో ఆరేసి, చలికి వణుకుతున్న పిల్ల ఒంటి చుట్టూ చుట్టింది.

ఏదులమ్మ వచ్చింది. పది అడుగుల దూరంలో మేత, నీళ్ళు పెట్టి నిలబడింది.

"అక్కా, నేనే అంటించాను," అంది చుక్కమ్మ. "దాన్ని చంపుకుంటున్నానక్కా."

"నీ నుంచే వచ్చింది, కాదని అబద్ధం చెప్పను. కానీ నువ్వు సెలవడిగావు. ఇవ్వనివాడు వేరే ఉన్నాడు," అంది ఏదులమ్మ. "ఏడవకు. ఏడిస్తే నీకు ఆయాసం. పిల్లను కాస్త ఎత్తుగా పడుకోబెట్టు, గుక్కెడు గుక్కెడు పట్టిస్తూ ఉండు. పొదకు వెనకవైపు రెండు కొమ్మలు తీసెయ్, గాలి ఆడనీ. ఊపిరి మరీ వేగమైతే కేకెయ్. ముళ్ళున్నా సరే, లోపలికొస్తాను."

ఆవిడ అలాగే రోజూ వచ్చింది. మూడు రోజులు చిట్టి కళ్ళు తెరవలేదు. నాలుగో రోజు మధ్యాహ్నం లేచి, తల్లి పొదుగును మూతితో పొడిచింది. చుక్కమ్మ అప్పుడు ఏడ్చింది.

ఈలోగా అడవిలో ఒక విచిత్రం జరిగింది. పరిషత్తు మంచాన పడింది కదా, సభలు లేవు. వాగు దగ్గర కాపలా లేదు. చాటింపు వేసేవాడు లేడు. ఏం చెయ్యాలో చెప్పే నాథుడు లేక జనం కుందేళ్ళవాడను చూసి నేర్చుకున్నారు. గుమ్మాలకు ఎండుకొమ్మలు లేచాయి, పది అడుగుల దూరంలో గడ్డిమోపులు వచ్చాయి. ఉండాల్సినవాళ్ళు ఇళ్ళలో ఉన్నారు. మూడు వారాల్లో దగ్గు దాదాపు పోయింది. కాగల కార్యం గంధర్వులు తీర్చినట్టు, పరిషత్తు చెయ్యాల్సిన పని దాని జ్వరమే చేసిపెట్టింది.

జ్వరం తగ్గగానే పరిషత్తు విచారణ సంఘం వేసింది. తిలాపాపం తలా పిడికెడు అంటారు. ఇక్కడ పిడికిళ్ళన్నీ పోగేసి ఒక్క నెత్తినే పోశారు. జబ్బు వ్యాపించడానికి కారణం అటెండరు క్రమశిక్షణ తప్పి బహిరంగంగా దగ్గడం. జబ్బు తగ్గడానికి కారణం కార్యదర్శి దూరదృష్టి. కాబట్టి జంబుకరావుకు ఘన సన్మానం. గుహలోనే. హాజరు తప్పనిసరి.

"మరి ఆ చుక్కమ్మను తీసెయ్యాలి కదా?" అన్నాడు కేసరయ్య.

"క్షమించేద్దాం అయ్యగారూ. శాలువా ఆమె దగ్గరే ఉంది."

సన్మానం రోజు వచ్చింది. తడికలు కట్టారు. భల్లూకమూర్తి గొంతు తిరిగొచ్చింది. రెండువందల మంది కాకపోయినా నూట ఎనభై తొమ్మిది మంది ఒకరి తోక మీద ఒకరు కూర్చున్నారు. చుక్కమ్మ రాలేదు, శాలువా రాలేదు. శాలువా లేకుండా సభ జరగకూడదు. ఎదురుచూసి ఎదురుచూసి జంబుకరావే స్వయంగా బయలుదేరాడు. వింత చూద్దామని సభంతా వెనకే వచ్చింది.

చుక్కమ్మ పొద దగ్గరికి వచ్చి, ఎండుకొమ్మ చూసి టక్కున ఆగాడు. నిలబడ్డ చోటు నుంచి కొమ్మకు సరిగ్గా పది అడుగులు. ఎవరైనా కొలిచి నిలబెట్టారేమో అన్నట్టుంది.

"ఏమ్మా చుక్కమ్మా! ఇంకా ఆ కొమ్మ తియ్యలేదా?"

"చిట్టికి పొద్దున్న మళ్ళీ కాస్త దగ్గొచ్చింది సార్. ఇవాళ నేను ఇంటిపట్టునే ఉంటాను."

"అడవిలో దగ్గు లేదు. విచారణ సంఘం కూడా అదే రాసింది. శాలువా పట్టుకుని రా!"

"శాలువా పిల్ల ఒంటి మీద ఉంది సార్. లోపలికొచ్చి తీసుకోండి."

జంబుకరావు కదల్లేదు.

"దగ్గు లేదు కద సార్," అంది చుక్కమ్మ లోపలి నుంచి. "పది అడుగులే కద. రండి. గుమ్మం తెరిచే ఉంది."

వెనక నూట ఎనభై తొమ్మిది మంది చూస్తున్నారు. జంబుకరావు ఒక కాలు ఎత్తాడు. సరిగ్గా అప్పుడే లోపల చిట్టి సన్నగా దగ్గింది. ఎత్తిన కాలు ముందుకు పడలేదు. వెనక్కి పడింది. దాని వెనక మిగతా మూడూ పడ్డాయి. కొంచెం దూరం వెనక్కి నడిచి, తరవాత తిరిగి పరిగెత్తాడు.

మొదట నవ్వింది ఉడుత. తరవాత అందరూ నవ్వారు. నవ్వి, ఒక్కొక్కరే గుహవైపు కాకుండా ఇళ్ళవైపు నడిచారు. పోతూ పోతూ దున్న ఒక గడ్డిమోపు తెచ్చి పది అడుగుల దూరంలో పెట్టి, "పెట్టానమ్మో!" అని కేకేసింది.

చుక్కమ్మ పచ్చిక హక్కు రద్దు చేస్తూ ఉత్తర్వు తయారైంది గాని, దాన్ని ఆ గుమ్మం దాకా తీసుకెళ్ళి ఇవ్వడానికి పరిషత్తులో ఇప్పటికీ ఎవరూ దొరకలేదు. చిట్టి ఇప్పుడు ఆరు గంతులు వేస్తుంది, ఏడోదానికి ఆగుతుంది. జంబుకరావు మళ్ళీ సభ అని చాటింపు వేయించిన ప్రతిసారీ అడవిలో అన్ని గుమ్మాలకూ, నిక్షేపంలా ఉన్నవాళ్ళ గుమ్మాలకు కూడా, ఎండుకొమ్మలు లేస్తాయి. పరిషత్తు సమావేశమై చాలాకాలమైంది, అడవి ఆరోగ్యం కుదుటపడి కూడా సరిగ్గా అంతే కాలమైంది.

నీతి: అడవి చల్లగా ఉండాలంటే శాలువా ఎప్పుడూ జబ్బుపడ్డవాళ్ళ ఇంట్లోనే ఉండాలి.